మా రూములో గోలీల డబ్బా

సౌదీలో, జుబైల్ క్యాంపులో మా రూముకు ఒక గోలీల డబ్బా ఉండేది. ఎప్పుడో ఎవరో తెచ్చిన బిస్కెట్ల రేకు డబ్బా అది. మూతకూ డబ్బాకూ చిల్లులు వేసి చిన్న తాళం తగిలించాం. తాళంచెవి నా దగ్గరుండేది. గేటు పాసు వేలాడే తాడుకే కట్టుకుని తొమ్మిదేళ్లు మెడలో వేసుకుని తిరిగాను. ఆ చెవిని నా మెడలో వేసింది మా బావ. ఇప్పుడాయన కిడ్నీలు పాడై ఊళ్లో కూర్చున్నాడు. ఇక నొప్పి గోలీ ముట్టుకుంటే డయాలిసిస్ మిషన్ మీద పడుకోవలసిందేనని డాక్టరు చెప్పాడు. ఆయన ఆ గోలీలే కావాలంటున్నాడు, అదీ నన్నే అడుగుతున్నాడు.

బావ అంటే వరసకు బావ, రక్తసంబంధం లేదు. జగిత్యాల దగ్గర మావి పక్కపక్క ఊళ్లు. నేను మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు క్యాంపులో నాకు మంచం దొరకలేదు. ఆయన నైట్ షిఫ్టు అడిగి వేయించుకుని, నెలరోజులు తన మంచం మీద నన్ను పడుకోనిచ్చాడు. అన్నం వార్చడం, బాయిలర్ సూటు ఉతకడం, ఫోర్‌మన్ తిట్టినప్పుడు తల ఎటు తిప్పుకోవాలో, అన్నీ ఆయనే నేర్పాడు. ఆయన స్కఫోల్డర్. నేను పైపు ఫిట్టర్ని. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ వచ్చిందంటే ఆయన కట్టిన పరంజా మీద నిలబడి నేను బోల్టులు విప్పేవాణ్ని. కాలి కింద పలక కదలకుండా ఉందంటే అది బావ కట్టిందని చూడకుండానే తెలిసేది.

మా రూములో ఒక కట్టుబాటు ఉండేది. లీవుకు పోయి వచ్చినవాడు మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి తేవాలి, వాటితోపాటు గోలీలు కూడా తేవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీకి చెబితే సంచీ నిండా ఇచ్చేవాడు. తలనొప్పివి, ఒళ్లు నొప్పులవి, కడుపులో మంటకు వేసుకునేవి. ఇక్కడ మందుల షాపులు లేక కాదు. ఇక్కడి గోలీ మన ఒంటికి పట్టదని మా వాళ్ల నమ్మకం. కంపెనీ క్లినిక్కుకు పోవచ్చు, కానీ అక్కడ రెస్టు చీటీ రాసిస్తారు. ఏడాదిలో రెండు చీటీలు పడ్డవాడి పేరు తరువాతి షట్‌డౌన్ లిస్టులో కనిపించదని అందరూ అనుకునేవారు. నిజమో కాదో ఎవరమూ పరీక్షించి చూడలేదు. అందుకని మా ఆరుగురి జ్వరాలూ నొప్పులూ ఆ రేకు డబ్బాతోనే గడిచిపోయేవి.

నేను ఐటీఐ చదివాను. గోలీల పట్టీ మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. నాకు డబ్బా పెత్తనం రావడానికి అంతకు మించిన అర్హతేమీ లేదు. చెవి నా మెడలో పడిన వారంలోనే బావకు తలనొప్పి వచ్చింది. వేసవి మధ్యాహ్నం, హెల్మెట్ కింద తల ఉడికిపోయే ఎండ. సైటు నుంచి వచ్చి మంచం మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేను పట్టీలోంచి గోలీ చిట్లించి ఆయన అరచేతిలో వేశాను. అరగంటలో లేచి కూర్చుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు.

“నీ హస్తవాసి మంచిదిరా బామ్మర్ది,” అన్నాడు. “ఇన్నేండ్ల సంది ఎన్ని గోలీలు మింగిన. గిట్ల ఎప్పుడు తగ్గలే.”

మా వైపు హస్తవాసి అంటే చిన్న మాట కాదు. ఊళ్లో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరి దగ్గరే జనం బారులు తీరతారు. ఇద్దరిచ్చే మందూ ఒకటే అయినా, ఆ చేతి గుణం వేరంటారు. బావ ఆ మాట రూము నిండా చెప్పాడు, తరువాత బ్లాకు నిండా చెప్పాడు. అప్పటినుంచి డబ్బా తెరిచే ఉన్నా ఎవరూ దాంట్లో చెయ్యి పెట్టేవారు కాదు. నా ముందుకొచ్చి అరచెయ్యి చాపేవారు. నేను కుడిచేత్తో వేయాలి. ఒకసారి నేను స్నానానికి పోతే ఒకడు జ్వరంతో వణుకుతూ బాత్రూము తలుపు దగ్గర నిలబడ్డాడు. పానా పట్టుకునేవాణ్ని ఒక్కసారిగా డాక్టరునైపోయాను. నవ్వులాటగా మొదలైందది. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉండేది. ఇక్కడ నన్ను నంబరుతో పిలుస్తారు. నా చేతికి ఒక గుణం ఉందని నమ్మే మనుషులు ఆ ఒక్క రూములోనే ఉన్నారు.

నాకూ తలనొప్పి చిన్నప్పటినుంచీ ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు నెలకోసారో రెండుసార్లో ఒక పక్క పొడిచేది. చీకట్లో పడుకుంటే పోయేది. ఇక్కడ చీకట్లో పడుకునే వీలెక్కడిది? గ్రైండర్ల మోత, మాస్కు పట్టీ బిగింపు, సగం నిద్ర, పైన ఎండ. నొప్పి వస్తే వేసుకునేవాణ్ని, తగ్గేది. తరువాత ఒక తెలివి పుట్టింది. ఈ తెలివి మాలాంటి పనివాళ్లకు తప్ప ఇంకొకరికి పుట్టదు.

ప్లాంటులో ఒక లైను విప్పాలంటే ముందు దాన్ని రెండు వైపులా మూసెయ్యాలి. రెండు పైపులు కలిసే ఫ్లాంజి మధ్య ఇనుప పలక పెడతాం, దాన్ని బ్లైండు అంటాం. లోపలున్న గ్యాసు బయటికొచ్చాక పరిగెత్తడం కాదు, రాకముందే దారి మూసెయ్యాలని రోజూ పొద్దున సేఫ్టీ ఆఫీసరు చెవిలో జోరీగలా చెప్పేవాడు. నేను తలనొప్పికీ అదే సూత్రం పెట్టాను. వచ్చాక వేసుకోవడమెందుకు, రాకముందే వేసుకుంటే పోలా? బావకు చెబితే ఎగిరి గంతేశాడు. అప్పటినుంచి తెల్లవారుజామున బస్సెక్కే ముందు హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవ్సులు, గోలీ. చాయ్ గ్లాసుతో బావ వచ్చి నా మంచం దగ్గర నిలబడేవాడు. ఆయన అరచేతిలో ఒకటి, నా నోట్లో ఒకటి. మిగతా నలుగురూ నొప్పి వచ్చినప్పుడే వచ్చేవారు. రోజూ వేసుకునేది మేమిద్దరమే. అదొక పూజలా జరిగేది.

ఒకటి రెండయింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి. రెండేళ్లకు సాయంత్రం బస్సు దిగాక మూడోది. బావకు ఒళ్లు నొప్పుల గోలీలంటే ఎక్కువ గురి. పైపులు మోసే భుజాలు కదా, తలతోపాటు భుజాలూ తగ్గుతాయని అవే అడిగేవాడు. ఇన్ని వేసుకుంటున్నా మాకు నొప్పి తగ్గలేదన్న సంగతి మేము గమనించనే లేదు. పైగా శుక్రవారం సెలవునాడు ఆలస్యంగా లేస్తే మరీ ఎక్కువగా వచ్చేది. మాకు సెలవు పడదని నవ్వుకునేవాళ్లం. నొప్పి వచ్చేది సెలవు వల్ల కాదనీ, గోలీ వేళ తప్పినందుకు తల గోల పెడుతోందనీ మా బుర్రకు ఎక్కలేదు.

నా కోపం కూడా పెరిగింది. చెంచా కింద పడ్డ చప్పుడుకు మనుషుల మీదికి లేచేవాణ్ని. ఇంటి నుంచి ఫోనొస్తే, నొప్పిగా ఉందని పెట్టేసేవాణ్ని. ఇంట్లో వాళ్లు నాకు ఫోను చెయ్యడానికి భయపడుతున్నారని చాలా తరువాత తెలిసింది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకరోజు షట్‌డౌన్ మధ్యలో నేను బ్లైండు పెట్టిన గుర్తు చీటీని పక్క ఫ్లాంజికి కట్టాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యాహ్నం గోలీ ఆలస్యమై కంటి వెనక పోటు పొడుస్తోంది. చీటీ కట్టి దిగిపోయాను. అది చూసుకుని ఎవడైనా ఆ రెండో ఫ్లాంజి విప్పి ఉంటే లోపలున్నది మొహాన కొట్టేది. పైన పరంజా మీద బావ ఉన్నాడు. ఫిలిప్పీన్స్ ఆపరేటరొకడు లైను నడుచుకుంటూ వచ్చి చూశాడు, చీటీ విప్పి నా చేతిలో పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. అతడు తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం నేను కంపెనీ క్లినిక్కుకు కాకుండా జుబైల్ టౌనులో ఉన్న పాలిక్లినిక్కుకు పోయాను.

అక్కడి డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ఎదురుగా తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం నన్ను చూసి సంతోషించలేదు. రోజుకెన్ని, ఎన్నేళ్లనుంచి అని అడిగి, రాసుకోవడం ఆపి కలం కింద పెట్టింది.

“మీకు మొదట ఉన్నది మామూలు పార్శ్వపు నొప్పేనండీ,” అంది. “ఇప్పుడు రోజూ వస్తున్నది అది కాదు. గోలీ దిగిపోతుంటే తల ఇంకో గోలీ అడుగుతోంది. మీరు వేస్తున్నారు. అది మళ్లీ అడుగుతోంది. నొప్పి గోలీలే మీకు నొప్పి తెచ్చిపెడుతున్నాయి.”

“మరి తగ్గేదెట్ల మేడమ్?”

“పూర్తిగా మానేయాలి. ఒక్కటి కూడా వద్దు. నేనొక మాత్ర రాస్తాను, అది నొప్పికి కాదు, రాత్రి వేసుకోండి, నెమ్మదిగా పనిచేస్తుంది. మొదటి వారం పది రోజులు మాత్రం మీకు నరకం చూపిస్తుందండీ. అబద్ధం చెప్పను. వాంతులు, నిద్రలేకపోవడం, చిరాకు. ఆ పది రోజులు ఆగారంటే బయటపడతారు.”

బస్సులో తిరిగొస్తూ ఆమె మాటలు నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయాను. తొమ్మిదేళ్లు నేను పంచింది మందు కాదా? అదే నిజమైతే బావ అరచేతిలో రోజూ నేను వేసిందేమిటి? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

రంజాన్ మొదలయ్యే ముందురోజు మానేద్దామనుకున్నాను. దానికి కారణం మా బస్సు డ్రైవరు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మా పక్క రూమే. రోజుకు పదిహేను చాయ్‌లు తాగేవాడు. రంజాన్‌లో పొద్దంతా చుక్క ముట్టడు.

“నీకు తలనొప్పి రాదా భాయ్?” అని అడిగాను.

“ఎందుకు రాదు? మొదటి మూడు రోజాలు తల పగులుతది. నాలుగోనాడు ఏం ఉండది. అది నొప్పి గాదు భాయ్, తల చాయ్ కోసం ఏడుస్తది. ఏడ్చి ఏడ్చి ఊకుంటది.”

డాక్టరమ్మ చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. తాళంచెవి తాడు నుంచి విప్పి అతడి చేతిలో పెట్టాను. పది రోజులు ఏం చేసినా ఇవ్వొద్దన్నాను. రూములో ఎవరికైనా జ్వరమొస్తే అతడి దగ్గరికే పొమ్మన్నాను.

మొదటి రోజు ఫరవాలేదనిపించింది. రెండోరోజు మధ్యాహ్నానికి తల మొత్తం ఒక కురుపైపోయింది. సైటులో చాయ్ షెడ్డు ఎలాగూ మూసే ఉంది. పైపుల గుట్ట వెనక్కి పోయి వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని మళ్లీ బోల్టులు బిగించాను. సైటులో చాలామంది ఉపవాసంతో నీరసంగా ఉన్నారు కాబట్టి నా మొహం ఎవరికీ వేరుగా కనిపించలేదు. మూడోరోజు వంటగదిలో జీలకర్ర మాడిన వాసనకు మూకుడు లాగి సింకులో పారేశాను. వండుతున్నవాడు బావే. ఆయన మళ్లీ కొత్తగా తాలింపు పెట్టుకున్నాడు.

నాలుగోరోజు సాయంత్రం డ్రైవరు రూముకు పోయాను. చెవి ఇయ్యమన్నాను. ఇఫ్తార్ అయ్యాక రమ్మన్నాడు. ఖర్జూరాలు తిని నమాజు చేసుకునేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అయ్యాక అడిగితే తెల్లవారుజామున సహరీ తినడానికి లేస్తా కదా, అప్పుడిస్తానన్నాడు. నేను బూతులు తిట్టాను. ఆ పవిత్రమైన నెలలో, ఆ మనిషిని, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. అతడు నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి తలుపు వేసుకున్నాడు. చెవి మాత్రం ఇవ్వలేదు.

ఎనిమిదోరోజు పొద్దున లేచాను. తల బరువుగా ఉంది కానీ నొప్పి లేదు. నమ్మకం కుదరక తల అటూ ఇటూ ఊపి చూశాను. బస్సు కిటికీలోంచి ప్లాంటు గొట్టం కొసన మండే ఫ్లేర్ మంట కనిపించింది. కళ్లు చిట్లించకుండా దాన్ని చూసి ఎన్నేళ్లయిందో. ఇంటికి ఫోను చేసి ఏ పనీ లేకుండా మాట్లాడాను. ఏమైందని వాళ్లు భయపడ్డారు.

ఇక్కడితో ఆగితే ఇది మంచి కథ అయ్యేది.

పండగ అయిపోగానే బావను పట్టుకున్నాను. ఆయన ఈ లోపల డ్రైవరు దగ్గర తీసుకుని వేసుకుంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే రాలేదు.

“నాది నిజం నొప్పిరా,” అన్నాడు.

“నాది గూడ నిజమే ఉండె బావా. నువ్వు ఒక్క పది రోజులు ఆగు. నేనున్న గద.”

“నువ్వు ఇయ్యనంటే నేనెందుకు ఏసుకుంట? నీ చేతితోనే మొదలైంది. నువ్వే బంద్ చెయ్యి.”

ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే, నాకు మళ్లీ పాత గర్వమే వచ్చింది. నా చెయ్యి ఇస్తే తగ్గింది, నా చెయ్యి ఆపినా తగ్గుతుంది. డ్రైవరు చెవి తిరిగిస్తూ ఆ డబ్బా తీసుకుపోయి చెత్తకుండీలో వెయ్యమన్నాడు. మిగతా వాళ్ల అవసరానికని నేను వెయ్యలేదు. నిజం చెప్పాలంటే పెత్తనం వదులుకోబుద్ధి కాలేదు. చెవి మళ్లీ మెడలో వేసుకున్నాను.

బావ బుధవారం మానేశాడు. బుధ, గురువారాలు సైటుకు పోయి వచ్చాడు. శుక్రవారం పొద్దుటినుంచి మంచం దిగలేదు. ఆయన ముప్పై అడుగుల ఎత్తులో ఒంటికాలి మీద నిలబడే మనిషి. పిక్కలో ఇనుప కొక్కెం దిగినప్పుడు కూడా నవ్వుతూ కుట్లు వేయించుకున్నాడు. అలాంటివాడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి, గోడకేసి నుదురు మెల్లగా కొట్టుకుంటున్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పెద్ద చప్పుడు కాదు. వరసగా, తాపీగా కొట్టుకుంటున్నాడు. మిగతా నలుగురూ వినలేక బయటికి పోయి నీడలో కూర్చున్నారు.

మధ్యాహ్నం నమాజు వేళ లేచి వచ్చి నా మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దున కాల్చిన రొట్టె నా పళ్లెంలో అలాగే ఉంది, ఆయన దాన్నే చూస్తున్నాడు.

“బామ్మర్ది,” అన్నాడు. “ఒక్కటి. నీ చేతితోని ఒక్కటియ్యి. మళ్ల అడగ.”

“ఇంక ఐదారు రోజులే బావా.”

“నేను నిన్ను ఎప్పుడన్న ఏమన్న అడిగిన్నా?”

అడగలేదు. తన మంచం ఇచ్చినప్పుడూ అడగలేదు. నాకు ఇక్కడుండే పర్మిటు, ఇకామా, రెన్యువల్ ఆగిపోయి క్యాంపు దాటలేని ఐదు నెలలు రూము సామాన్లన్నీ తానే మోసుకొచ్చినప్పుడూ అడగలేదు. అరచెయ్యి చాపాడు. పరంజా పైపులు పట్టి పట్టి బండబారిన చెయ్యి. డ్రైవరు నాకు తలుపు వేసినట్టు నేనూ వెయ్యాలి. అతడికి నేను పక్క రూము మనిషిని, అంతే. అందుకే వెయ్యగలిగాడు. నేను తాళం తీశాను. గోలీ చిట్లించి కుడిచేత్తో ఆయన అరచేతిలో వేశాను.

పావుగంటలో ఆయన నిద్రపోయాడు. గోడ చప్పుడు ఆగింది. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట దాచను. ఆ రోజు నేను జాలిపడి ఇచ్చానని అందరికీ చెప్పుకున్నాను. ఆ చప్పుడు ఆగితే చాలనే ఇచ్చాను.

మళ్లీ అడగనన్నాడు, అడగలేదు. అది ఎంత మాటో నాకు నెలకు గాని తెలియలేదు. మానేశాడనే అనుకున్నాను. ఒకరోజు ఆయన బాయిలర్ సూటు ఉతకడానికి తీస్తే జేబులో ఖాళీ పట్టీలు గరగరలాడాయి. మందుల షాపులో ఎర్ర డబ్బాలో అమ్మే ఇక్కడి గోలీలు. మన ఒంటికి పట్టవని తొమ్మిదేళ్లు తిట్టిన గోలీలు. రోజూ పొద్దున బస్సెక్కే ముందు బాత్రూములో వేసుకుంటున్నాడు. నేను పట్టీలు చూపిస్తే, తప్పు చేసినవాడిలా నేలకేసి చూశాడు.

“నీకు బాధయితదని చెప్పలే,” అన్నాడు.

మా ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్లలో మొదటి దొంగతనం అది. ఆయనకంటే నేనే ఎక్కువ సిగ్గుపడ్డాను. పోట్లాడాను, బతిమాలాను, ఒకసారి పట్టీలు లాక్కుని డ్రెయిన్‌లో పారేశాను. ఎక్కడ కొంటాడో, ఎక్కడ దాస్తాడో, కంపెనీ పనిలో లేని తెలివంతా దానికి పెట్టాడు. నాకు నెలకు ఒకటో రెండో నొప్పులు మిగిలాయి. చీకట్లో పడుకుంటే పోయేవి. ఆయనకు రోజూ ఉండేది.

ఎత్తులో పనిచేసేవాళ్లకు ఏటా మెడికల్ చేస్తారు. ఆ ఏడు బావకు బీపీ చాలా ఎక్కువ చూపించింది. రక్తం పరీక్ష చేస్తే కిడ్నీలన్నారు. కాగితాలు తీసుకుని పాలిక్లినిక్కు డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆమె కాగితం చూసి నన్ను చూసింది. ఏళ్ల తరబడి ఎండలో నీళ్లు సరిగా తాగకుండా చేసిన పని, చూపించుకోని బీపీ, రోజూ ఆ ఒళ్లు నొప్పుల గోలీలు, అన్నీ కలిసి ఇంత పని చేశాయంది. ఎవరిచ్చారని అడగలేదు. అడిగితే చెబుదామని నేను నోరు తెరిచే ఉన్నాను.

స్కఫోల్డింగుకు పనికిరాడని తేల్చారు. కింద పని ఏదైనా ఇవ్వమని ఫోర్‌మన్‌ను అడిగాను. లేదన్నాడు. ఇరవై రోజుల్లో దేశం విడిచి పొమ్మనే ఖురూజ్ కాగితం వచ్చేసింది. పందొమ్మిదేళ్లు పనిచేసిన మనిషికి ఇరవై రోజులు. సామాను సర్దుకునేటప్పుడు తన రొట్టెల పెనం నాకిచ్చాడు. దమ్మామ్ విమానాశ్రయం దాకా డ్రైవరే బస్సు తీశాడు. దారంతా బావ కిటికీలోంచి ప్లాంటు గొట్టాలు చూస్తూ, ఇది నేను కట్టిన, అది నేను కట్టిన అని చెబుతూ వచ్చాడు. పరంజాలన్నీ ఎప్పుడో విప్పేశారు. అక్కడ ఆయన కట్టింది ఒక్కటి కూడా లేదు.

ఆయన పోయాక డబ్బా ఖాళీ చేశాను. ఇప్పుడు దాంట్లో సూదులు, గుండీలు, పాత సిమ్ కార్డులు ఉన్నాయి. లీవు నుంచి వచ్చేవాళ్లకు గోలీలు తేవొద్దని చెబితే, నీకు తగ్గింది కాబట్టి మాకు నీతులా అని ఒకడు ముఖం మీదే అన్నాడు. వాడు తన పట్టీలు తలగడ కింద పెట్టుకుంటాడు. నన్ను అడగడు. నా హస్తవాసి పోయిందని బ్లాకులో అనుకుంటున్నారట.

పోయిన నెల ఊరి నుంచి అక్క ఫోను చేసింది. బావ భార్య నాకు అక్క వరస.

“తమ్మీ, ఊర్లె మెడికల్ షాపాయనకు ఇయ్యద్దని చెప్పిపెట్టిన. ఆర్‌ఎంపీకి గూడ చెప్పిన. దినాం తల గోడకు కొట్టుకుంటుండు. నా మాట ఇంటలేడు. నీ మాటైతే ఇంటడు, నువ్వే చెప్పు.”

ఫోను ఆయనకిచ్చింది. గొంతు సన్నబడింది. ఎవరు లీవుకొస్తున్నారని అడిగాడు. మా రూమువాడొకడు గురువారం వస్తున్నాడన్నాను.

“అయితే వాని తోటి ఆ ఎర్ర డబ్బ గోలీలు రెండు డబ్బలు పంపు. అక్కకు చెప్పకు.”

“నేను పంప బావా. మిషన్ మీద పండవెడ్తరు నిన్ను. ఒక్క పది రోజులు పట్టు. నేను పట్టలేదా?”

ఆయన వెనక ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది.

“ఆనాడు ఇచ్చినవ్ గద,” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. దారి తెలిసిన మనిషిని దారి అడిగినట్టు అన్నాడు. “ఆనాడు గూడ గోలీ లేక మూడోనాడే. ఇయ్యాల గూడ మూడోనాడే.”

నేను ఫోను పెట్టేశాను. పాత రోజుల్లోలాగా, నొప్పిగా ఉందని అబద్ధం చెప్పి పెట్టేశాను.

గురువారం పోయేవాడి చేత మూడు కిలోల ఖర్జూరాలు పంపాను. కొత్త డబ్బా నా చేత్తోనే నింపి, మూత చుట్టూ టేపు వేశాను. కిడ్నీలు పాడయ్యాక ఏం తినొచ్చో ఏం తినకూడదో తెలియక ఖర్జూరాలు ఆయనకు మంచివేనా అని డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. కిడ్నీ మనిషికి ఎక్కువ వద్దు, రెండో మూడో అంది. అప్పటికే పంపేశాను.

నిన్న బావే ఫోను చేశాడు.

“ఖర్జూరాలు ముట్టినయ్ బామ్మర్ది,” అన్నాడు.

“రోజుకు రెండే తిను బావా. మిగిలినయి పిల్లలకియ్యి.”

“తినలే. అర్రల తలుపేసుకొని చాప మీద పోసిన. ఒక్కొక్కటి తీసి చూసిన. డబ్బ అడుగుకు కాయిదం ఉంటె అది గూడ లేపి చూసిన.” అన్నాడు. “నువ్వు పెట్టుంటవ్ అనుకున్న.”

గోలీలు పెట్టలేదని నా నోటితో చెప్పించుకోవడానికి ఆయన చాలాసేపు లైను మీదే ఉన్నాడు. నేను చెప్పలేకపోయాను.